ఫైవ్ స్టార్ ఇన్వర్టర్ ఏసీ: రెండు వేసవుల తర్వాత మా ఇంటి లెక్క

ఒకటిన్నర టన్ను, ఫైవ్ స్టార్, ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ. 2024 మార్చిలో కొన్నాం. స్టెబిలైజర్, బిగింపు ఖర్చు కలిపి 50 వేలకి కాస్త ఇటుగా పడింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరగతిలో పేరున్న కంపెనీల యంత్రాలన్నీ పనితనంలో దగ్గరదగ్గరగానే ఉంటాయి, నేను చెప్పబోయేది వాటన్నిటికీ వర్తిస్తుంది. యంత్రం నాకు నచ్చింది, కొనమనే చెప్తాను. కానీ కొట్లో అమ్మేటప్పుడు చెప్పే మాట ఒకటుంది కదా, "కరెంటు బిల్లు సగానికి సగం తగ్గిపోతుందండీ" అని, దాని గురించి లెక్కలు దగ్గర పెట్టుకుని వివరంగా మాట్లాడాలి. ఏసీల మీద వచ్చే రివ్యూల్లో చల్లదనం, చప్పుడు, రిమోటు, యాప్ గురించి రాస్తారు గానీ, కొన్నాక ఇంట్లో ఏం మారిందో ఎవరూ రాయడం లేదు.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. అపార్ట్‌మెంటులో పై అంతస్తు, అంటే పైన డాబా స్లాబు తప్ప ఇంకేమీ లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మాకు ఏప్రిల్ నుంచే రాత్రి పదకొండింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే వేడి తెలుస్తుంది. ఇంట్లో నేను, మా వారు, అత్తయ్యగారు, ఇంటర్ చదివే మా అమ్మాయి. నేను వన్‌టౌన్ వస్త్రలతలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టుకి లెక్కలు రాస్తాను. కాగితం పారేసే అలవాటు లేదు. కరెంటు బిల్లులన్నీ ఫైలులో ఉంటాయి. పాత ఏసీ ఉన్నప్పుడే దానికి యూనిట్లు చూపించే 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్ ఒకటి పెట్టాను. ఇంటి మొత్తం ఎంత, అందులో ఏసీ ఒక్కదానిది ఎంత అన్నది అందువల్ల విడివిడిగా తెలుస్తుంది.

ముందు యంత్రం సంగతి. మా పాతది 2012లో కొన్న మామూలు ఏసీ, ఇన్వర్టర్ కాదు. కంప్రెసర్ నడిస్తే పూర్తి వేగంతో నడవాలి, లేదంటే ఆగిపోవాలి, మధ్యస్థం లేదు. నడిచినంతసేపూ ప్లగ్ మీద 1,600, 1,700 వాట్లు కనపడేవి. ఆగి మళ్లీ మొదలైనప్పుడల్లా హాల్లో ట్యూబులైటు ఒకసారి మసకబారేది. కొత్తదానిలో కంప్రెసర్ వేగం తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. వేసిన మొదటి అరగంట 1,400 వాట్ల దాకా లాగుతుంది. గది చల్లబడ్డాక మెల్లగా దిగి, తలుపులు మూసి ఉంటే అర్ధరాత్రి దాటాక 400 వాట్ల దగ్గర నిలకడగా ఉంటుంది. గంట సరాసరి చూస్తే పాతది 1.26 యూనిట్లు కాలిస్తే కొత్తది 0.64. సగం. కొట్లో చెప్పిన మాటలో ఈ భాగం అక్షరాలా నిజం.

చల్లదనంలో కూడా తేడా ఉంది. పాత దానిలో ఒకసారి వణుకు, ఇంకోసారి చెమట. ఇందులో రాత్రంతా ఒకే తీరుగా ఉంటుంది, దుప్పటి లాగడం తీయడం ఉండదు. చప్పుడు చాలా తక్కువ. యాప్‌లో టైమరు పెట్టుకోవడం తేలిక, మిగతా హంగులు నేను వాడను. సామర్థ్యాన్ని 80, 60, 40 శాతానికి తగ్గించుకునే మోడ్ ఒకటి ఉంది. గదిలో ఒక్కరే పడుకున్నప్పుడు అది నిజంగా పనికొచ్చింది.

బిగింపు రోజున ఒక పేచీ వచ్చింది. వచ్చిన మెకానిక్ పైపుల్లోని గాలి లాగేసే వాక్యూమ్ పంపు తేలేదు. "కొంచెం గ్యాస్ వదిలి లోపలి గాలి తోసేస్తే చాలు మేడమ్, అందరికీ అలాగే చేస్తాం" అన్నాడు. పైపుల్లో గాలి, తేమ మిగిలితే కంప్రెసర్ ఎక్కువ కష్టపడాలి, ఆ కష్టం యూనిట్ల రూపంలో మనకే పడుతుంది. పైగా ఇందులో వాడే ఆర్32 గ్యాస్‌కి మంట అంటుకునే గుణం కొద్దిగా ఉంది, ఇంట్లో అలా వదలకూడదు. పంపు తెచ్చేదాకా బిగించనివ్వలేదు. మర్నాడు తెచ్చాడు. ఎంత మంచి యంత్రం కొన్నా బిగింపు సరిగ్గా లేకపోతే మీరు డబ్బు పెట్టిన ఆ స్టార్లు మీ ఇంటికి రావు.

ఇక స్టార్ల లెక్క. మా ఏసీ మీద అంటించిన బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) లేబుల్‌లో ఐఎస్ఈఈఆర్, అంటే కాల్చిన కరెంటుకి ఏడాది మీద ఎన్ని రెట్లు చల్లదనం ఇస్తుందో చెప్పే అంకె, 5.2 అని, ఏడాదికి సుమారు 745 యూనిట్లు అని ఉంది. స్టార్లు అందరూ చూస్తారు, ఆ 745 పక్కన ఉన్న చిన్న అక్షరాలు చూడరు. ఆ అంకె 1,600 గంటల వాడకానికి కట్టినది. రాత్రికి 8 గంటల చొప్పున 200 రాత్రులన్నమాట. లేబుల్ అబద్ధం చెప్పడం లేదు. గంటలు మారవు అనుకుని లెక్క కట్టింది, అంతే. ఇంట్లో మాత్రం మొదట మారేది గంటలే.

2023 మే నెలలో మా ఇంటి వాడకం 382 యూనిట్లు. అందులో పాత ఏసీది 196. 2024 మే నెలలో, కొత్త ఏసీతో, ఇంటి వాడకం 374. అందులో ఏసీది 188. మరోసారి చూడండి. గంటకి సగం కరెంటు లాగే యంత్రం వచ్చాక నెల మీద తగ్గింది 8 యూనిట్లు. పాత ఏసీని నడిపినన్ని గంటలే దీన్నీ నడిపి ఉంటే, మొదటి అరగంట ఎక్కువ లాగడం కలుపుకున్నా, 105 యూనిట్ల దగ్గర ఆగేది. 90 యూనిట్లు మిగలాలి, 8 మిగిలాయి. మా ఏపీ టారిఫ్‌లో 226 నుంచి 400 దాకా యూనిట్ 8.75 రూపాయలు. మిగిలే యూనిట్లెప్పుడూ ఈ పై శ్లాబులోంచే తగ్గుతాయి కాబట్టి, దాదాపు 800 రూపాయలు మిగలాల్సిన చోట 70 రూపాయలు మిగిలాయి.

యంత్రంలో లోపం ఉందేమోనని ఎవరైనా అనుకుంటారు. ప్లగ్ రీడింగులు గంటగంటకీ ఉన్నాయి కాబట్టి ఆ అనుమానానికి తావులేదు. పెరిగింది గంటలు.

పాత ఏసీ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ చెప్పుకోని నియమం ఒకటుండేది. రాత్రి పదిన్నరకి వేయాలి, మూడు దాటాక ఎవరికి మెలకువ వస్తే వాళ్లు ఆపి ఫ్యాను పెంచాలి. పగలు వేయడమనే మాటే లేదు, చుట్టాలొస్తే తప్ప. బిల్లు భయం ఆ నియమాన్ని నడిపించేది. కొత్తది రాగానే ఆ భయం పోయింది. రాత్రి తొమ్మిదిన్నరకే మొదలై పొద్దున ఆరు దాకా నడిచింది. మధ్యాహ్నం భోజనం అయ్యాక అత్తయ్యగారి కునుకు కోసం గంట. ఎప్పుడైనా ఆపబోతే "ఇదేగా అమ్మాయ్ తక్కువ కాల్చేది, ఆపుతావెందుకు?" అనేవారు ఆవిడ. మా అమ్మాయిదీ అదే మాట, "అమ్మా, ఫైవ్ స్టార్ కదా!" అని. పాతదాన్ని 26 మీద పెట్టేవాళ్లం, కొత్తదాన్ని మా వారు 23కి దించారు. 2020 జనవరి నుంచి దేశంలో అమ్మే ఏసీలన్నీ వేయగానే 24 డిగ్రీల మీద మొదలవ్వాలని బీఈఈ నిబంధన ఉంది, కానీ రిమోటు చేతిలో ఉన్నాక కిందికి నొక్కడం క్షణం పని. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బీఈఈ చెప్తుంది. దించితే అంతా ఎదురు తిరుగుతుంది.

పెరిగింది వేసవి గంటలు మాత్రమే కాదు. మా ఊళ్లో ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఎండ కంటే ఉక్కపోత ఎక్కువ. పాత ఏసీ జూన్ నెలాఖరుకి ఆగిపోయి మళ్లీ మార్చికే లేచేది. కొత్తది దసరా దాకా రోజూ నడిచింది. మే నెలలో 8 యూనిట్లు తగ్గాయి గానీ, అక్టోబరు బిల్లు అంతకు ముందు ఏటి అక్టోబరు కంటే పెరిగింది.

దీనికి రీబౌండ్ ఎఫెక్ట్ అని పేరుంది. 1865లోనే ఇంగ్లండ్ ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవాన్స్ బొగ్గు విషయంలో ఈ సంగతి చెప్పాడు. ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేసేలా మెరుగైన కొద్దీ దేశం బొగ్గు వాడకం తగ్గలేదు, పెరిగింది. పని చవకైతే ఆ పనిని మరిన్ని చోట్ల చేయించుకుంటాం. ఆయన ఫ్యాక్టరీల్లో చూసింది మేం పడకగదిలో చూశాం.

అయితే ఇక్కడ నాకో అభిప్రాయం ఉంది, గట్టిగానే ఉంది. పెరిగిన గంటలన్నిటినీ దుబారా అనే వాళ్లతో నేను ఏకీభవించను. అత్తయ్యగారికి 74 ఏళ్లు, బీపీ మాత్రలు వేసుకుంటారు. పాత ఏసీ రోజుల్లో తెల్లవారుజామున మూడు తర్వాత ఆవిడ నిద్రపోయేవారు కాదు, వసారాలోకి వచ్చి విసనకర్రతో కూర్చునేవారు. 2024 మేలో ఆవిడ తెల్లారేదాకా పడుకున్నారు. వడగాలులకి పెద్దవాళ్లు ప్రాణాలు పోగొట్టుకునే రాష్ట్రం మనది. ఆ మూడు గంటల చల్లదనం ఆవిడకి పన్నెండేళ్ల కిందటే అందాల్సింది, బిల్లుకి భయపడి మేం ఇవ్వలేకపోయాం. యంత్రం మెరుగై అది ఇప్పుడు అందితే దాన్ని నష్టం ఖాతాలో ఎలా రాస్తాం? మా అమ్మాయి మధ్యాహ్నాలు చదువుకున్న గంటలు కూడా అంతే. ఈఏపీసెట్ వేసవిలోనే పెట్టి, పై అంతస్తు గదిలో 40 డిగ్రీల వేడిలో కూర్చుని చదవమనడం న్యాయం కాదు.

దుబారా వేరే చోట ఉంది. గది తలుపు తీసి ఉంచి హాలంతా చల్లబడాలని చూడడం. స్నానానికి వెళ్లేవాళ్లు, వంటింట్లో ఉన్నవాళ్లు వచ్చేసరికి చల్లగా ఉండాలని ఖాళీ గదికి ముందే వేసి ఉంచడం. 23లో పెట్టి రగ్గు కప్పుకోవడం. తెల్లవారుజామున బయట గాలే చల్లబడ్డాక కూడా నడపడం. ఇవేవీ ఎవరికీ సుఖం ఇవ్వలేదు. ప్లగ్ రీడింగులు ముందేసుకుని నేను కట్టిన లెక్కలో, పెరిగిన యూనిట్లలో సగానికి పైగా అత్తయ్యగారికీ అమ్మాయికీ నిజంగా పనికొచ్చాయి. మిగతావి ఎవరికీ పనికిరాలేదు.

ఇదే ఇంట్లో ఫ్యాన్ల కథ వేరుగా జరిగింది. 2024 దసరాకి నాలుగు పాత సీలింగు ఫ్యాన్లు తీసి, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టించాం, ఒక్కోటి 3,000 రూపాయల దగ్గర. పాతవి 75 వాట్లు, ఇవి పూర్తి వేగంలో 30 వాట్లు. ఫ్యాన్ల దగ్గర మాకు రీబౌండ్ దాదాపు కనపడలేదు. ఎందుకో ఆలోచిస్తే తెలుస్తుంది. విజయవాడలో ఫ్యాను ఎలాగూ మనిషి ఉన్నంతసేపూ తిరుగుతుంది, బిల్లుకి భయపడి ఫ్యాను ఆపుకునేవాళ్లు మా వాడలో లేరు. ఆకలి తీరిన మనిషి అన్నం చవకైందని రెండో పళ్లెం తినడు. ఏసీ దగ్గర మాత్రం ఎన్నో ఏళ్లుగా బిగబట్టుకున్న అవసరం ఉంది, ధర తగ్గగానే అది బయటికొచ్చింది. కాబట్టి నిజంగా బిల్లు తగ్గించడమే మీ ఉద్దేశమైతే, ఏసీ కంటే ముందు ఫ్యాన్లు మార్చండి. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకీ స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు, చూసి తీసుకోవచ్చు.

దీపాల దగ్గర మళ్లీ ఇంకో రకం. 2015లో ప్రభుత్వం చవకగా బల్బులిచ్చే ఉజాలా పథకం వచ్చాక ఎల్‌ఈడీ బల్బులు ఇంటింటికీ చేరాయి. 60 వాట్ల గుండ్రటి బల్బు చేసే పని 9 వాట్ల ఎల్‌ఈడీ చేస్తుంది. మా బావగారు పోరంకిలో కొత్త ఫ్లాటు తీసుకున్నారు. పాత ఇంట్లో హాలుకి ఒక ట్యూబులైటు, చోకుతో కలిపి 50 వాట్లు. కొత్త హాల్లో ఫాల్స్ సీలింగు, అందులో 12 వాట్ల ప్యానెల్ లైట్లు పన్నెండు. 144 వాట్లు. అంచుల వెంట వెలిగే రంగు పట్టీలు ఇంకా కలపలేదు. ఒక్కో దీపం చూస్తే గొప్ప పొదుపు, హాలు మొత్తం చూస్తే దాదాపు మూడింతలు. ఆ వెలుతురులో కూర్చునే మనుషులు మాత్రం ఆ నలుగురే.

హైదరాబాద్‌లో మా చెల్లెలి ఇంట్లో వ్యవహారం దీనికి పూర్తిగా ఎదురు. తెలంగాణ టారిఫ్‌లో 200 యూనిట్ల దగ్గర ఒక గీత ఉంది. 200 దాకా అయితే మొదటి వంద 3.40 చొప్పున, తర్వాతి వంద 4.80 చొప్పున, కలిపి 820 రూపాయలు. ఒక్క యూనిట్ పెరిగి 201 అయితే మొదటి 200 యూనిట్లకీ 5.10 పడుతుంది, పైదానికి 7.70. మొత్తం 1,027.70. ఒక యూనిట్‌కి 200 పైగా తేడా. మా చెల్లెలు నెల ఇరవయ్యో తారీఖు నుంచి మీటరు చూసుకుంటుంది. వాళ్ల అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కుటుంబానికి తెల్ల రేషన్ కార్డు ఉంది, 2024 నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. ఆ ఇంట్లో ఆడమనిషి మీటరును ఇంకా జాగ్రత్తగా చూస్తుంది, గీత దాటితే మొత్తం కట్టాలి కనక. వాళ్ల దగ్గర స్టార్ల ఫ్యానూ లేదు, ఏసీ అసలే లేదు. కంటికి కనపడే గీత ఉంటే మనుషులు ఎంత కచ్చితంగా ఉంటారో అక్కడ చూశాను. మా ఏపీలో శ్లాబులు మెట్లుమెట్లుగా పెరుగుతాయి, ఎక్కడ దాటామో బిల్లు వచ్చాక తెలుస్తుంది.

ఇంకొక విషయం ఏసీ రివ్యూల్లో ఎక్కడా ఉండదు. ఏసీ వేడిని మాయం చేయదు, గదిలోంచి తీసి సందులోకి పంపుతుంది. మా యంత్రం పూర్తి సామర్థ్యంలో గదిలోంచి 5 కిలోవాట్ల వేడి లాగుతుంది, తాను వాడిన 1.4 కిలోవాట్లు కూడా దానికి కలిపి 6.4 కిలోవాట్ల దాకా వేడి బయటికి ఊదుతుంది. మా సందు వెడల్పు రెండు స్కూటర్లు పక్కపక్కన పట్టేంత. మా బయటి యూనిట్ మొదట బిగించిన చోటికి ఎదురింటి పడకగది కిటికీ సరిగ్గా ఎదురు. వాళ్లకి ఏసీ లేదు. మేం నడిపిన ప్రతి అదనపు గంటా వాళ్లు కిటికీ మూసుకున్న గంటే. ఆ ఇంటి పెద్దాయన ఏమీ అనలేదు, మర్యాదస్తుడు. కానీ సందులో ఏసీలన్నీ రాత్రి తొమ్మిదిన్నరకే మొదలైతే ఏసీ లేని ఇళ్లకి రాత్రి ఎప్పుడు చల్లబడుతుంది? వాళ్లు కూడా అప్పోసప్పో చేసి ఏసీ కొనే రోజు ముందుకొస్తుంది. బయటి యూనిట్‌ని డాబా మీదికి మార్పించాం. రాగి పైపు ఎక్కువ పట్టింది, 4,000 అదనంగా అయింది, పైపు పొడవు పెరిగితే చల్లదనం కొద్దిగా తగ్గుతుంది కూడా. అయినా చేయాల్సిన పని.

రాత్రిపూట కాలే యూనిట్ ఎక్కణ్నుంచి వస్తుందో విజయవాడ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఇబ్రహీంపట్నం వైపు వెళ్తే థర్మల్ కేంద్రం పొగ గొట్టాలు కనపడతాయి. పగలు సోలార్ ఉంటుంది, రాత్రి పదింటికి అందరూ ఏసీలు వేసేటప్పుడు ఎక్కువగా బొగ్గే. ఆ బూడిద పడే ఊళ్లలో మాకు బంధువులున్నారు. కాబట్టి "నా బిల్లు నేను కట్టుకుంటున్నా, నీకెందుకు" అనే మాట నాకు సరిపడదు.

2025 వేసవికి ముందు మేం కొన్ని మార్పులు చేశాం. డాబా మీద మా ఫ్లాటు మేరకు ఎండ వేడిని తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయించాం, మిగతా ఫ్లాట్ల వాళ్లు ఒప్పుకున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, చెల్లెలి ద్వారా దాని గురించి తెలిసింది. మా వరకు అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. రాత్రి గోడ, స్లాబు అంత వేడిగా ఉండడం లేదు, ఏసీ త్వరగా నెమ్మదిస్తోంది. ఏసీని 26లో పెట్టి బీఎల్‌డీసీ ఫ్యాను మధ్యస్థంగా తిప్పుతున్నాం. 23లో ఉన్నంత హాయిగానే ఉంది, మా వారు కూడా ఒప్పుకున్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకి టైమరు. అత్తయ్యగారి మధ్యాహ్నపు గంట, అమ్మాయి చదువు గంటలు ముట్టుకోలేదు, ఆ సమయంలో ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు. ఖాళీ గదికి వేయడం మానేశాం. ఫిల్టరు నెలకి రెండుసార్లు కడుగుతాను. వన్‌టౌన్ దుమ్ముకి సత్యనారాయణపురం దుమ్ము ఏమీ తీసిపోదు.

2024 ఏప్రిల్‌లో ఇంటి వాడకం 351, అందులో ఏసీ 171. 2025 ఏప్రిల్‌లో ఇంటి వాడకం 240, అందులో ఏసీ 118. మిగతా ఇంట్లో తగ్గిన 58 యూనిట్లూ ఫ్యాన్లవి. 2024 ఏప్రిల్ ఎండలు మరీ తీవ్రం కాబట్టి ఏసీ తేడాలో కొంత వాతావరణానిది. 2025 మే నెలను పోలికకి తీసుకోలేదు, ఆ ఏడు రుతుపవనాలు ముందే వచ్చి నెలాఖరు చల్లబడింది. ఏప్రిల్ వరకు చూస్తే 111 యూనిట్లు, పై శ్లాబు ధరలో 971 రూపాయలు తక్కువ.

ఈ మిగులు చూడగానే మా వారు అన్న మొదటి మాట, "హాల్లోకి ఇంకొకటి తీసుకుందామా?" ఆయన్ని తప్పుపట్టను, చాలా ఇళ్లలో సరిగ్గా ఇదే జరుగుతుంది. ఒక ఏసీ మీద మిగిలింది రెండో ఏసీకి వాయిదా అవుతుంది. సెప్టెంబరు 2025లో జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగాక ధర ఇంకా తగ్గింది, కొట్ల వాళ్లు ఫోన్లు చేస్తున్నారు. నేను అడిగింది ఒక్కటే, "ఏవండీ, హాల్లో ఎవరు ఎన్ని గంటలు కూర్చుంటున్నాం?" సాయంత్రం టీవీ చూసే కాసేపు తప్ప ఎవరూ లేరు. హాలు కిటికీకి పడమటి ఎండ తగలకుండా వెదురు చాప కట్టించాం, ఆ మాట అక్కడితో ఆగింది. మిగిలిన డబ్బు అమ్మాయి ఫీజు చిట్టీలో వేస్తున్నాం. దాన్ని పెట్రోలుకో ఇంకో వస్తువుకో ఖర్చు పెడితే కరెంటులో తగ్గింది వేరే దారిలో మళ్లీ కాలినట్టే అవుతుంది.

2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ శాఖ మంత్రి మనోహర్ లాల్ ఖట్టర్ ఏసీల ఉష్ణోగ్రత 20కి తగ్గకుండా, 28కి మించకుండా ఉండేలా నిబంధన తెస్తామన్నారు. నన్నడిగితే ఇది రావాలి. ఇళ్ల కంటే ముందు బందరు రోడ్డు షోరూముల్లో అమలు కావాలి. అక్కడ తలుపులు బార్లా తీసి, ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్ల కాళ్లకి చల్లగాలి తగిలేలా నడుపుతున్నారు.

కొనేవాళ్లకి ఒక లెక్క చెప్తాను. ఒకటిన్నర టన్నులో త్రీ స్టార్‌కీ ఫైవ్ స్టార్‌కీ మేం కొన్నప్పటి లేబుళ్ల మీద తేడా 1,600 గంటలకి సుమారు 250 యూనిట్లు. మాలాంటి శ్లాబులో ఉన్నవాళ్లకి ఏడాదికి 2,200 రూపాయల దగ్గర. అప్పట్లో ధరలో తేడా 8 నుంచి 10 వేలు. అంటే నాలుగైదేళ్లలో వస్తుంది, కానీ 1,600 గంటలు నడిపితేనే. ఏడాదిలో రెండు నెలలు, రాత్రికి నాలుగు గంటలు మాత్రమే వేసే ఇల్లయితే ఫైవ్ స్టార్ డబ్బు ఎప్పటికీ తిరిగి రాదు. అలాంటివాళ్లు మంచి త్రీ స్టార్ ఇన్వర్టర్ తీసుకుని, మిగిలిన డబ్బుతో ఫ్యాన్లు మార్చుకుని డాబాకి తెల్ల పెయింటు వేయించుకుంటే మేలు. పెద్దవాళ్లో పసిపిల్లలో ఉండి రాత్రంతా నడవాల్సిన ఇల్లయితే ఫైవ్ స్టార్ కళ్లు మూసుకుని తీసుకోండి. లేబుల్ మీద సంవత్సరం కూడా చూడండి. ప్రమాణాలు ఎప్పటికప్పుడు బిగిస్తుంటారు, 2022 జూలైలో మార్చినప్పుడు అప్పటిదాకా ఫైవ్ స్టార్ అయినది ఫోర్ స్టార్ అయింది. పాత సరుకు పాత స్టార్లతో అంటగట్టే కొట్లు ఉన్నాయి.

యంత్రానికి నా మార్కులు 5కి 4.5. అర మార్కు తగ్గించింది రిమోటుకి. ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని యూనిట్లు కాలాయి అన్నది యాప్‌లో నాలుగు చోట్ల నొక్కి వెతుక్కోవాలి, అత్తయ్యగారు ఎప్పటికీ చూడలేరు. ఉష్ణోగ్రత పక్కనే ఈ రాత్రి కాలిన యూనిట్లు కూడా పెద్ద అంకెల్లో రిమోటు మీద కనపడాలి. కంపెనీకి ఈ మాట రాశాను, జవాబు ఇంకా రాలేదు. అప్పటిదాకా 1,200 రూపాయల స్మార్ట్ ప్లగ్ ఒకటి కొనుక్కోండి, 16 ఆంపియర్లదే, 10ది కాదు. ఏసీ బిగించిన రోజునే పెట్టించుకోండి.